పెద్ద ముక్కల పెట్టె

ఆ వీధిలో ఆమెని అందరూ బొంతలక్క అంటారు. అసలు పేరు అడిగితే ఆమె కూడా ఒక్క క్షణం ఆలోచించుకునే పరిస్థితి వచ్చేసింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మూడంతస్తుల పాత మేడలో మెట్లకి ఆనుకుని ఒక గది, దాని వెనక వంటకి ఇంకో ఇరుకు గది. ముందు గదిలో కిటికీ దగ్గర కుట్టు మిషను, మిషను పక్కన నాలుగు పాత బిస్కెట్ డబ్బాలు, మంచం కింద ఒక ఇనప పెట్టె. మిగతా జాగా అంతా గుడ్డ ముక్కలది. మొగుడూ పెళ్లాలు వాటి మధ్య ఒదిగి బతకాల్సిందే.

పక్క వీధి టైలరు ప్రతి మంగళవారం ఒక గోనెసంచి నిండా కత్తిరింపులు పంపిస్తాడు. ముప్పై రెండేళ్లుగా అదే మంగళవారం, అదే గోనెసంచి. ఆమె దాన్ని నేల మీద గుమ్మరించి, మోకాళ్లు మడవడానికి ఒకసారి మూలిగి, కూర్చుని విడదీస్తుంది. టేపు ముట్టుకోదు, వేళ్లే కొలత. జానెడువి ఒక డబ్బాలోకి, బెత్తెడువి రెండోదాంట్లోకి, రెండు వేళ్ల వెడల్పువి మూడోదాంట్లోకి, వేలెడు పీలికలు నాలుగోదాంట్లోకి. అంతకంటే సన్నవి దిళ్లలో కూరడానికి. చొక్కా చంక దగ్గర కత్తిరించిన వంకర ముక్క దొరికినా పారెయ్యదు. ఆ వంకరకి సరిపడే ఇంకో వంకర కోసం సంచంతా కెలికి, రెండూ కలిపి ఒక చదరం చేస్తే గాని ఆమె మనసు కుదుటపడదు.

పనిలో ఆమెకి ఒక పట్టింపు ఉంది. ఎప్పుడూ చిన్న డబ్బాతోనే మొదలుపెట్టాలి. వేలెడువి అయిపోయాకే రెండు వేళ్లవి, అవి అయిపోయాకే బెత్తెడువి. జానెడు ముక్క ఒక్కటి పెడితే సరిపోయే చోట పన్నెండు చిన్నవి అతికి పెడుతుంది. ఒక జత ముక్కలు కుట్టాక దారం తెంచదు. సూది కిందికి వెంటనే రెండో జత, దాని వెనక మూడోది, అలా యాభై జతలు ఒకే దారానికి వేలాడుతూ మిషను వెనక నుంచి దిగుతాయి. అప్పుడు కూర్చుని విడగొడుతుంది. అలా జతకి రెండంగుళాల దారం మిగులుతుంది. ఆ మిగిలిన దారానికి ఆమె మొహం వెలిగిపోవడం చూస్తే మనకి నవ్వు రాదు, జాలి వేస్తుంది.

టైలరు ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "అక్కయ్యా, ఒక్కో అతుకూ అటు పావు అంగుళం, ఇటు పావు అంగుళం తినేస్తుంది. నీ వేలెడు పీలికల్లో పైకి కనిపించేదెంత, కుట్టులోకి పోయేదెంత? ఇందులో పొదుపేముంది చెప్పు."

"నీకు కత్తిరించడం తెలుసు తమ్ముడూ, అతకడం తెలీదు. నీ పని నువ్వు చూసుకో" అంది ఆమె.

అతను చెప్పింది నిజమేనని ఆమెకి తెలుసు. తెలిసినా చెయ్యి మాట వినదు. చేతికి అలవాటైన పొదుపు కళ్లు మూసుకుని నడుస్తుంది, లెక్కలూ గిక్కలూ దానికి పట్టవు.

మరి పెద్ద ముక్కలు ఏమయ్యేవి? మూరెడు, మూరెడున్నర ఉండే ముక్క ఏ రెండు మూడు వారాలకో ఒకటి సంచిలో తగిలేది. కుట్టేవాళ్లకి అలాంటిది దొరికితే పండగే. ఆమె మాత్రం దాన్ని డబ్బాల్లో వేసేది కాదు. నీళ్లు చిలకరించి, ఇస్త్రీ పెట్టె కాల్చి, మడత మడతకీ గట్టిగా అదిమి, మడత మీద మడతగా చిన్న చదరం చేసి, మంచం కింద ఇనప పెట్టెలో పెట్టేది. మీద రెండు కలరా ఉండలు. వాటిల్లో ఒక్కదానికీ ఇంతవరకూ కత్తెర తగల్లేదు. అవి ఆయనవి.

ఆయనంటే ఆమె భర్త. ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. కొక్కెంతో ఐసు దిమ్మల్ని లాగి, భుజాన గోనెపట్టా వేసుకుని లారీల్లోకి ఎక్కించే పని. ఉద్యోగం వదిలి ఆరేళ్లయినా ఒంట్లోంచి ఆ చలి వదల్లేదు. ఎండ మండిపోతున్నా సాయంత్రమయ్యేసరికి "కిటికీ మూయవే" అంటాడు. వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి, చొక్కా గుండీలు ఆమే పెట్టాలి.

ఇన్ని బొంతలు కుట్టిన ఇంట్లో బొంత ఒక్కటే ఉండేది. అది ఆమె కుట్టిన మొట్టమొదటిది. అతుకుల్ని కుట్టాక ఇస్త్రీతో అణచాలన్న సంగతి అప్పటికి తెలీదు. కొనడానికి వచ్చినావిడ చేత్తో తడిమి, "ఇది బొంతా, కంకర రోడ్డా?" అని నవ్వి వెళ్లిపోయింది. ఆ కంకర రోడ్డే ఆయన పక్క మీదికి చేరింది. ఆమె మాత్రం ఒక పల్చటి దుప్పటి కప్పుకుని పడుకునేది. తర్వాత కుట్టినవన్నీ మెత్తగా, చక్కగా కుదిరి, మిషను దిగగానే ఎవరో ఒకరు ఎగరేసుకుపోయేవారు.

పెళ్లయిన రెండో ఏడో, మూడో ఏడో, ఒక వానాకాలం సాయంత్రం ఆయన పని నుంచి వణుక్కుంటూ వచ్చి, ఆ బొంతలో దూరి అన్నాడు. "ఏమోయ్, అందరికీ మెత్తటివి కుడతావు. నాకూ ఒకటి కుట్టిపెట్టకూడదూ, అతుకులు గుచ్చుకోకుండా, పెద్ద పెద్ద ముక్కలతో?"

"కుడతానండీ. కాస్త పెద్ద ముక్కలు చేరనివ్వండి" అంది.

ఆ మర్నాడే ఇనప పెట్టె ఖాళీ చేసింది. పదేళ్లకే ఒక బొంతకి సరిపడా ముక్కలు చేరాయి. అయినా కుట్టలేదు. రంగులు కలవడం లేదని ఒకసారి, ఇంకో నాలుగు చేరితే ఒకే నేత గుడ్డతో వస్తుందని ఒకసారి, చేతిలో ఆర్డరు ఉందని పదిసార్లు. దాచేకొద్దీ దాచినదాని మీద మమకారం పెరిగింది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, తనతో కూడా అనుకోలేదు.

ఈ ఏడు ఆయనకి నెమ్ము చేసింది. దగ్గి దగ్గి పక్కటెముకలు పట్టేసి ఆసుపత్రిలో పడ్డాడు. రెండు వారాలు ఆమె ఇంటికీ ఆసుపత్రికీ కాళ్లరిగేలా తిరిగింది. వెంట పంపిన కంకర రోడ్డుని అక్కడివాళ్లు మరిగే నీళ్ల మిషనులో వేసి ఉతికారు. అది పేలికలై ఒక ప్లాస్టిక్ సంచిలో తిరిగొచ్చింది. ఆదివారం పొద్దున డాక్టరమ్మ చెప్పింది: "శుక్రవారం ఇంటికి పంపిస్తాం. చలి తగిలిందంటే మళ్లీ మొదటికొస్తుంది. ఉన్ని కంబళ్లు మాత్రం వద్దమ్మా, ఆ నూగు ఊపిరిలోకి పోతే దగ్గు ఆగదు. మెత్తటి నూలుది ఏదైనా మందంగా కప్పండి."

బొంతలక్క తల ఊపి బయటికొచ్చింది. మెట్లు దిగుతూ లోపల లెక్క వేసుకుంది. ఐదు రోజులు. పెద్ద ముక్కలు గనక అతుకులు తక్కువ, రెండు రోజుల్లో పైపొర తేలిపోతుంది. ఇన్నేళ్లకి మాట చెల్లించే వేళ వచ్చింది. ఒళ్లు హూనమైపోయి ఉన్నా ఆ పూట ఆమె కాస్త హుషారుగానే ఇంటికి నడిచింది.

ఇంటి దగ్గర చెల్లెలు ఎదురుచూస్తోంది. నాలుగు వీధుల అవతల ఉంటుంది, స్కూల్లో ఆయా. నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఇద్దరూ కలిసి పెట్టెని మంచం కింద నుంచి లాగారు. అది నేల మీద కీచుమంటూ వచ్చింది. మూత తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఉండలు ఎప్పుడో కరిగిపోయాయి, వాసన ఒక్కటే మిగిలింది.

పైన ముదురాకుపచ్చ ముక్క ఉంది. ఏదో పరదాకి మిగిలింది, ఆమెకి బాగా గుర్తు. రెండు కొసలూ పట్టుకుని విప్పింది. చర్ మని చప్పుడయింది.

"ఏంటక్కా, చిరిగిందా?"

మడత పొడుగునా గుడ్డ విడిపోయింది. వెలుతురుకి ఎత్తి చూస్తే మిగతా మడతల్లోనూ పోగులు ఊడి, కిటికీ కనిపిస్తోంది. రెండోది తీసింది, నీలం చారలది. అదీ అంతే. మూడోదానికి మడతల వెంట తుప్పు గీతలు పడ్డాయి, వేలు తగిలితే పొడిపొడిగా రాలింది. నాలుగోది, ఐదోది, పదోది. ఇస్త్రీ పెట్టెతో ఎంత గట్టిగా అదిమిందో అంత సాఫుగా తెగాయి. ఒక్కసారైనా విప్పి, మడత మార్చి పెట్టి ఉంటే బతికేవి. కొత్తది వచ్చినప్పుడల్లా మూత కాస్త ఎత్తి పక్క సందులో దోపడమే గాని, పాతవి ఎలా ఉన్నాయో చూసిన పాపాన పోలేదు. నిండుతున్న పెట్టె ఆమెకి చాలు.

ఆమె నేల మీద చతికిలబడింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కొంత ఓపిక కావాలి, రెండు వారాల ఆసుపత్రి తిరుగుడులో అది కాస్తా హరించుకుపోయింది. ముప్పై ఏళ్ల అలసట ఇప్పుడే ఒక్కసారిగా వచ్చి భుజాల మీద కూర్చున్నట్టయింది.

"పోనీలే అక్కా" అంది చెల్లెలు. "బజారుకెళ్లి ఒక తాను గుడ్డ తెచ్చుకుందాం. ఒకటే ముక్క, అతుకన్నదే ఉండదు. సగం రోజు పని."

"ముప్పై ఏళ్లు దాచి, చివరికి ఆయన మీద కొన్న గుడ్డ కప్పనా?"

"కప్పుకునేది బావ. నీ పౌరుషం కాదు."

"నువ్వు ఊరుకుంటావా, ఇంటికెళ్తావా?"

చెల్లెలు ఊరుకుంది. ఇంటికైతే వెళ్లలేదు. వెనక గదిలోకి వెళ్లి ఉన్నదేదో వండి, కంచం తెచ్చి అక్క ముందు పెట్టింది. బొంతలక్క నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కొచ్చి, ఏమీ తోచక ఆకుపచ్చ ముక్కని మళ్లీ అందుకుంది. మడతలన్నీ వీడి, అది చిన్న చిన్న చదరాలుగా చేతిలోకి వచ్చింది. మడతకీ మడతకీ మధ్య గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు, ఎండ తగలక రంగు కూడా నిగనిగలాడుతోంది. ఆమె వేళ్లు వాటంతట అవే కొలిచాయి.

"బెత్తెడు" అంది పైకే. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చెల్లెలికి నచ్చలేదు.

"ఎందుకే నవ్వుతావు?"

"ఎంత పెద్ద ముక్క దాచినా చివరికి నాకు బెత్తెడే దక్కింది చూడు. పెద్ద ముక్కల యోగం నా చేతికి లేదే."

ఆ సాయంత్రమే కత్తెర పట్టింది. చివికిన అంచులు తీసేసి, తుప్పు ఉన్నంత మేరా కత్తిరించి పక్కన పడేసింది. సోమవారం చీకటి పడేసరికి ఐదొందల పైచిలుకు చదరాలు పేర్చింది. మంగళవారం సంచి వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి అది విప్పకుండా మూలన పడింది. పొద్దంతా మిషను, నాలుగింటికి ఆసుపత్రి, దీపాల వేళకి మళ్లీ ఇల్లు. కుడిచేతి బొటనవేలి కీలు ఉబ్బింది. కత్తెర పట్టుకుంటే మోచేతి దాకా లాగేది. మెడ ఎటు తిప్పినా పటపటమనేది. ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచి, "ఏంటే, రోజురోజుకీ నువ్వే పేషెంటులా తయారవుతున్నావు" అన్నాడు. బొంత సంగతి ఆమె చూపించాక చెబుదామనుకుంది.

అతుకు తగలకూడదు, అదీ అసలు బాధ. ఐదొందల చదరాలంటే వెయ్యి అతుకులు. ప్రతి అతుకునీ వెనక్కి తిప్పి, అంచుల్ని చెరోవైపుకీ పరిచి, ఇస్త్రీ చేసింది. ఇస్త్రీ చాలని చోట చెంచా వీపుతో రుద్దింది. అయినా చేత్తో తడిమితే తెలుస్తూనే ఉంది. బుధవారం సాయంత్రం ఆమె చేతులెత్తేసింది. చెల్లెలు ఇంటికెళ్లి, తన పక్క మీది దుప్పటి పట్టుకొచ్చింది. ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి పువ్వులన్నీ వెలిసిపోయి, వెన్నలా మెత్తబడిన దుప్పటి. బొంతలక్క కుట్టే బొంతలకి రెండు వైపులా ముక్కలే ఉంటాయి. అడుగున నిండు గుడ్డ వెయ్యడమంటే ఆమె దృష్టిలో పని ఎగ్గొట్టడం. అయినా ఆ పూట కిమ్మనకుండా తీసుకుంది.

"మెత్తటి వైపు ఆయన ఒంటికి, అతుకులు పైకి" అంది, తనకి తానే నచ్చజెప్పుకుంటున్నట్టు. మధ్యలో దూది పరిచి, గురువారం మూడు పొరలూ కలిపి కుట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన మరదలి భుజం పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. సగానికి సగం అయిపోయాడు మనిషి. మంచం మీద పడుకోబెట్టి, బొంతలక్క కొత్త బొంత తెచ్చి, మెత్తటి వైపు లోపలికి వచ్చేలా నిండా కప్పి, అంచులు కాళ్ల కింద దోపింది. తర్వాత పక్కన నిలబడింది. ఆమె గుండె చిన్నపిల్ల గుండెలా కొట్టుకుంటోంది. ఇన్నేళ్లలో ఏ బొంత అప్పగించేటప్పుడూ అలా కొట్టుకోలేదు.

ఆయన అటు మసిలాడు, ఇటు మసిలాడు.

"ఏమోయ్."

"ఊఁ?"

"ఇదేంటి, నున్నగా జారిపోతోంది? నిద్ర పట్టేలా లేదు. అటు తిప్పి కప్పు."

"ఎటు?"

"ముక్కల వైపు. ఇన్నేళ్లూ ఒంటికి గుచ్చుకుంటేనే కదా పడుకున్నాను. అది లేకపోతే ఎవరింట్లోనో ఉన్నట్టుంది."

చెల్లెలు వెనక గదిలోకి తప్పుకుంది. ఆమెకి నోరుంది గాని బుద్ధి కూడా ఉంది.

"మీరే కదా అడిగారు" అంది బొంతలక్క. "అతుకులు గుచ్చుకోని బొంత కావాలని."

"నేనా? ఎప్పుడు?"

"వానలో తడిసి వచ్చారు. ఆ కంకర రోడ్డులో దూరి అన్నారు. పెద్ద పెద్ద ముక్కలతో అన్నారు."

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. నుదురు చిట్లించి, పైకప్పు వైపు చూసి, చాలాసేపు వెతికాడు. "ఏమోనే. అని ఉంటాను. గుర్తు లేదు."

అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. "గుర్తు లేదా? ముప్పై ఏళ్లు ఒక్క మంచి ముక్క వాడుకోలేదు నేను! వేలెడు పీలికలు అతికి అతికి కళ్లు పోయాయి, వేళ్లు పోయాయి. జనం నా బొంతలు చూసి, ఇంత చిన్న ముక్కలెందుకమ్మా అంటే మొహం చాటేశాను. అన్నీ ఆ పెట్టెలో పెట్టాను, మీకోసమని. అవన్నీ అందులోనే చచ్చిపోయాయి. మీకేమో గుర్తు లేదు!"

ఆయన భయపడ్డాడు. దగ్గు వచ్చింది. ఆమె నీళ్లు పట్టించి, వీపు రుద్దింది, ఏడుస్తూనే. దగ్గు తగ్గాక ఆయన ఆమె ఉబ్బిన బొటనవేలిని తన మొద్దు వేళ్ల మధ్య పెట్టుకుని అన్నాడు. "నేను ఐసు మోశానంటే జీతానికి మోశాను. దించేసి ఇంటికొచ్చేసేవాణ్ణి. నువ్వు ఇదంతా ఎందుకు మోశావే? ఒక్కసారి అడగకూడదూ, ఇంకా కావాలా అని?"

ఆమె ఆయన కోసం దాచాననుకుంది, నిజానికి దాచడం కోసమే దాచింది. ఆయన వంకతో ఆ ముక్కల్ని కత్తెర నుంచి కాపాడుకుంది. అది ఒప్పుకోవడానికి సిగ్గేసింది. లేచి, బొంత తిప్పి, ముక్కల వైపు ఆయన ఒంటికి తగిలేలా కప్పింది. ఐదు నిమిషాల్లో ఆయన గురక పెట్టాడు. వెన్నలాంటి దుప్పటి పైకి తిరిగి, వెలిసిన పువ్వులతో, ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంది. ఆమె దాని మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది.

సోమవారానికి ఆయన దిండుకి ఆనుకుని కూర్చోగలిగాడు. ఆమె మూలనున్న సంచిని మంచం పక్కకి లాక్కొచ్చి గుమ్మరించింది. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఆయన కాసేపు చూసి, "ఇలా తే, ఊరికే కూర్చుంటే తోచట్లేదు" అని చెయ్యి చాపాడు. ఆమె ఒక పిడికెడు ముక్కలు ఒళ్లో వేసింది. ఆయన జానెడుకీ బెత్తెడుకీ తేడా తెలీకుండా ఏదో ఒక డబ్బాలో వేస్తూ పోయాడు. మామూలుగా అయితే ఆమె ఒంటికాలి మీద లేచేది. ఆ రోజు ఓపిక లేక ఊరుకుంది.

పోగు అడుగు నుంచి ఆయన ఒక ముక్క లాగాడు. లాగుతుంటే వస్తూనే ఉంది. లేత పసుపు, సన్నటి తెల్ల చుక్కలు, మూరెడున్నర ఉంటుంది. మంచి నేత. ఇద్దరూ దానికేసి చూశారు. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ ఇస్త్రీ పెట్టె వైపు వెళ్లి, దారిలోనే ఆగిపోయింది.

"ఇది మంచం కింద పెట్టెలోకా?" అన్నాడు ఆయన, జాగ్రత్తగా.

"కాదు."

"మరి ఏ డబ్బాలో వెయ్యను?"

"డబ్బాలో వద్దు. మిషను మీద పెట్టండి. ఇవాళ దాంతోనే మొదలు."

ఆయన అలాగే వంగి దాన్ని మిషను మీద పరిచాడు. మడతలేమీ పెట్టలేదు. మళ్లీ దిండుకి ఆనుకుంటూ అడిగాడు.

"ఎవరిది ఆర్డరు?"

ఆమె కత్తెర కోసం వెతుక్కుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నాది."